తొమ్మిది మాత్రలకు నాలుగు అడుగులు

సంగీత సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

టర్కీ సంగీతాన్ని పాశ్చాత్య వాద్యాలతో కలిపి, నర్తకులతో వేదిక మీద ప్రత్యక్షంగా ప్రదర్శించడం గురించి కర్నూలు, అనంతపురం, కడప పాఠకులు రాసిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా కళాశాల వార్షికోత్సవానికి విద్యార్థినులతో ఇరవై నిమిషాల నృత్య ప్రదర్శన సిద్ధం చేస్తున్నాను. టర్కీ జానపద బాణీలను వయొలిన్, కీబోర్డు, డ్రమ్స్, ఢోలక్ వాయించేవారితో వేదిక మీదే వాయింపజేయాలని నిశ్చయించాం. పిల్లల్లో కొందరు కూచిపూడి నేర్చినవారు, మరికొందరు సినిమా పాటలకు ఎనిమిది లెక్కలతో ఆడేవారు. తొమ్మిది మాత్రల (తాళపు లెక్కల) బాణీ రాగానే అందరూ తడబడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (నృత్య శిక్షకురాలు, కర్నూలు)

జవాబు: అమ్మా, మీ పిల్లలు తడబడిన చోటే మొదలుపెట్టండి. ఇలాంటి ప్రదర్శనలు తయారుచేసేవారిలో చాలామంది ముందు బాణీని ఎంచుకుని, దానికి కీబోర్డు మీద కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) అల్లి, అంతా అయ్యాక నర్తకులను పిలిచి లెక్క చెబుతారు. ఈ వరుసను తిరగేయాలని నేను గట్టిగా నమ్ముతాను. టర్కీ సంగీతానికీ పాశ్చాత్య సంగీతానికీ స్వరస్థానాల దగ్గర నిజమైన పేచీ ఉంది, దాని సంగతి తరువాతి జవాబులో చెబుతాను. లయ దగ్గర మాత్రం ఆ రెండూ ఏ రాజీ లేకుండా కలుస్తాయి. ఆ కలయికను ముందుగా మోయవలసినవి నర్తకుల పాదాలే.

టర్కీ సంగీతంలో తాళచక్రాన్ని ఉసూల్ అంటారు. అందులో బరువైన దెబ్బను దుమ్ అనీ, పలచని దెబ్బను తెక్ అనీ పలుకుతారు. మీరు రాసిన తొమ్మిది మాత్రల నడక అక్సాక్ తరహాది. ఎదురెదురుగా నిలబడి ఆడే కర్షిలమా నృత్యాల్లో వినిపించే ఈ నడకలో మాత్రలు 2+2+2+3గా విడిపోతాయి. తొమ్మిదిని తొమ్మిదిగా లెక్కపెట్టబోవడమే పిల్లల తడబాటుకు కారణం. వేగం పెరిగాక ఒకటి నుంచి తొమ్మిది దాకా నోరు తిరగదు, తొమ్మిది అడుగులు వేయడానికి కాలికి వ్యవధీ ఉండదు. నర్తకి వేయవలసినవి నాలుగే అడుగులు: మూడు పొట్టివి, చివరిది పొడుగుది. కూచిపూడి పిల్లలకు ఇది ఇంటి విద్యే. తొమ్మిది మాత్రల సంకీర్ణ జాతికి మనం చెప్పుకునే ‘తకధిమి తకతకిట’ను తక, ధిమి, తక, తకిట అని విరిచి పలికించి, ఒక్కో ముక్కకు ఒక్కో అడుగు వేయించండి. ఎనిమిది లెక్కల పిల్లలకు వేరే దారి చూపాలి. వారికి అలవాటైన ఎనిమిదిని 2+2+2+2గా నాలుగు సమానమైన అడుగులు చేయించి, నాలుగో అడుగులో ఒక్క మాత్ర ఎక్కువసేపు నిలవమనండి. ఆ నిలుపులో మోకాలు కొద్దిగా వంగి, శరీరం పైకి లేస్తుంది. కర్షిలమాకు అందం తెచ్చేది ఆ లేవడమే. దాన్ని తొందరపెట్టి కోసేస్తే బాణీ ప్రాణం పోతుంది.

మొదటి వారం రిహార్సళ్ళలో బాణీ వినిపించనే వద్దు. ఢోలక్ వాద్యకారుణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి, దుమ్ దెబ్బలు ఎడమ వైపు బరువైన నాదంతో, తెక్ దెబ్బలు కుడి చేతి వేళ్ళతో వాయించమనండి. నర్తకులు దుమ్ ఎక్కడ పడుతోందో చెవితో పట్టుకున్న తరువాత వారికి లెక్క అవసరం ఉండదు. డ్రమ్స్ వాయించే అబ్బాయికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. పాశ్చాత్య నడకలో రెండో, నాలుగో దెబ్బల మీద స్నేర్ అనే చిన్న డ్రమ్మును కొట్టే అలవాటును ఇక్కడ పక్కన పెట్టి, కాలి డ్రమ్మును దుమ్ మీద మాత్రమే ఉంచాలి. లేకపోతే ఢోలక్ ఒక వైపు, డ్రమ్స్ ఇంకో వైపు లాగి, మధ్యలో పిల్లల కాళ్ళు చిక్కుకుంటాయి.

ఇక రెండు సంప్రదాయాలు కలుస్తున్నట్టు ప్రేక్షకులకు కంటికి కనిపించాలంటే ఎనిమిదికీ తొమ్మిదికీ కుదిరే లెక్కను వాడుకోండి. ఒక గుంపు ఎనిమిది మాత్రల ఆవర్తనాలు తొమ్మిదింటినీ, మరో గుంపు తొమ్మిది మాత్రల ఆవర్తనాలు ఎనిమిదింటినీ ఒకే వేగంలో ఆడితే, ఇద్దరికీ 72 మాత్రలు పూర్తయి, 73వ మాత్ర దగ్గర అందరి పాదాలూ ఒకేసారి సమం మీద పడతాయి. డ్రమ్స్ ఎనిమిది గుంపుతోనూ, ఢోలక్ తొమ్మిది గుంపుతోనూ నడిస్తే వాద్యబృందం కూడా అలాగే విడిపోయి మళ్ళీ కలుస్తుంది. జతులు, తీర్మానాలు తెలిసిన మీకు ఈ లెక్క కట్టడం కష్టం కాదు. అమెరికా జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ 1958లో టర్కీ వెళ్ళినప్పుడు వీధి వాద్యకారుల దగ్గర ఈ తొమ్మిది నడకను విని, మరుసటి ఏడాది వెలువడిన ‘బ్లూ రాండో ఆ లా టర్క్’లో మూడు ఆవర్తనాలను 2+2+2+3గా, నాలుగోదాన్ని 3+3+3గా అమర్చాడు. ఆ అమరికను మీ పిల్లలకూ ఇవ్వవచ్చు: మూడు ఆవర్తనాలు నాలుగేసి అడుగులు, నాలుగో ఆవర్తనంలో మూడు సమానమైన తిరుగుళ్ళు.

ఇరవై నిమిషాలూ వేగంగానే సాగనివ్వకండి. ఏజియన్ తీరపు జైబెక్ కూడా తొమ్మిది మాత్రలదే, అయితే చాలా విలంబమైనది. చేతులు భుజాల ఎత్తున చాచి, నెమ్మదిగా ఒరిగి, మోకాలిని నేలకు తాకించి లేచే ఆ నృత్యంలో ఒక్కో మాత్రకూ శరీరం జవాబు చెప్పాలి. మీ ప్రదర్శన నడుమ దానికి చోటివ్వండి. నల్లసముద్ర తీరపు హొరోన్ నృత్యంలో ఏడు మాత్రలు 2+2+3గా, బాగా వేగంగా పరుగెత్తుతాయి. దెవ్రి హిందీ అనే ఏడు మాత్రల ఉసూల్ 3+2+2గా నడుస్తుంది కాబట్టి మన మిశ్రచాపు తాళం తెలిసిన పిల్లలకు అదే సులువు. తాళం లేకుండా వయొలిన్ ఒక్కటే సాగే తక్సీమ్, అంటే మన ఆలాపన వంటి భాగం వస్తే, నర్తకులకు ముందుగా ఒక గుర్తు చెప్పి ఉంచండి. వయొలిన్ ఆధార స్వరం మీదికి దిగి నిలిచినప్పుడు కదలాలని ఏర్పాటు చేసుకుంటే ఎవరూ ఎవరి ముఖమూ చూడనక్కరలేదు.

ప్రశ్న: మా బృందంలో నేను కీబోర్డు వాయిస్తాను. మా వయొలిన్ మిత్రుడు ఉష్షాక్ మకామ్ (మకామ్ అంటే మన రాగం వంటిది) బాణీ ఒకదాన్ని విని చక్కగా పట్టుకున్నాడు. కింద నేను కార్డులు పెట్టగానే ఇద్దరిలో ఒకరు అపశ్రుతిలో ఉన్నట్టు వినిపిస్తోంది. తప్పు ఎవరిది? (అనంతపురం)

జవాబు: ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదు. కీబోర్డులో స్థాయి, అంటే సా నుంచి పై సా దాకా, మొత్తం పన్నెండు సమాన భాగాలు, ఒక్కోటి 100 సెంట్లు (స్వరాల దూరానికి కొలత). టర్కీ సంగీతశాస్త్రం స్థాయిని 53 కోమాలుగా చూస్తుంది. ఒక్కో కోమా సుమారు 22.6 సెంట్లు, పూర్తి స్వరాంతరం తొమ్మిది కోమాలు. ఉష్షాక్‌లో ఆధార స్వరానికి పైనున్న రెండో స్వరం, మన మాటలో రిషభం, కాగితం మీద ఒక కోమా తగ్గించి రాసి ఉన్నా, విద్వాంసులు వాయించేటప్పుడు, ముఖ్యంగా అవరోహణలో, ఇంకా కిందికి దించుతారు. మీ కీబోర్డులోని రెండు రిషభాల్లో ఏదీ ఆ చోట ఉండదు. మీ మిత్రుడు పట్టుకున్నది ఆ నడిమి స్థానాన్నే. అతణ్ణి మీ మెట్ల మీదికి లాగితే ఉష్షాక్ మిగలదు, మామూలు మైనర్ బాణీ మిగులుతుంది.

కాబట్టి రిషభం ఉన్న కార్డులను మీరే వదులుకోవాలి. ఆధార స్వరం ‘ఎ’, రిషభం ‘బి’ అనుకుంటే ఎ మైనర్, డి మైనర్, సి మేజర్ కార్డుల్లో ‘బి’ రాదు, అవి నిశ్చింతగా వాడవచ్చు. జి మేజర్, ఇ మైనర్ కార్డుల్లో ‘బి’ ఉంది, మీకు అపశ్రుతి వినిపించింది బహుశా ఆ రెండింటి దగ్గరే. ఇంతకంటే మంచి దారిని టర్కీ సంగీతశాస్త్రవేత్త కెమాల్ ఇలెరిజీ చూపించాడు. పాశ్చాత్యుల్లా మూడేసి స్వరాల దూరంలో కార్డులు కట్టకుండా, నాలుగేసి స్వరాల దూరంలో పేర్చే స్వరమేళన పద్ధతిని ఆయన మకామ్‌ల నుంచే రూపొందించాడు. ఎ, డి, జి, సి అని పేర్చి చూడండి. అందులో మేజర్, మైనర్ రంగు ఉండదు, ‘బి’ కూడా ఉండదు, వయొలిన్‌కు కదలడానికి చోటు మిగులుతుంది.

అన్ని మకామ్‌లూ ఇంత పట్టుదలగా ఉండవు. నిహావెంద్ దాదాపు మైనరే, మన కీరవాణి రాగపు ఛాయ కూడా అందులో తొంగిచూస్తుంది. కూర్దీ స్వరాలు హనుమతోడి స్వరాలకు దగ్గర. ఈ రెండింటితో కీబోర్డుకు పెద్ద ఇబ్బంది రాదు. హిజాజ్‌లో పై భాగాన్ని బట్టి చక్రవాకమో వకుళాభరణమో గుర్తుకొస్తుంది, అయితే రిషభ గాంధారాల మధ్య దూరం సిద్ధాంతం ప్రకారం 12 కోమాలు, అంటే సుమారు 272 సెంట్లు. కీబోర్డులో అది 300. వేగమైన నృత్యభాగంలో ఈ తేడా చెల్లిపోతుంది, విలంబంలో మాత్రం చెవికి తగులుతుంది. రాస్త్ మకామ్ విషయం నాకు చాలా ఇష్టమైనది. దాని గాంధారం 17 కోమాలు, సుమారు 385 సెంట్లు. తంబురా నాదంలో సహజంగా మోగే అంతర గాంధారం కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. 400 దగ్గర నిలబడ్డ పియానోయే ఈ ముగ్గురిలో విడిగా ఉన్నది. సబా, ఉష్షాక్, హుసేనీ, సెగాహ్ బాణీల్లో మీరు కార్డులు తగ్గించి, ఆధార స్వరాన్నీ పంచమాన్నీ నిలబెట్టి ఊరుకోవడం మంచిది. వేదిక మీద చేతులు ఖాళీగా ఉంటే ఏదో లోటు చేస్తున్నట్టు అనిపించడం సహజమే, కానీ ఆ మౌనం కూడా స్వరకల్పనలో భాగమే.

చాలా కీబోర్డుల్లో స్కేల్ ట్యూనింగ్ సదుపాయం ఉంటుంది. అందులో అరబ్బీ పేరుతో ముందే ఉండే అమరికలు సాధారణంగా స్వరాన్ని 50 సెంట్ల దాకా తగ్గిస్తాయి. టర్కీ బాణీలకు అది మరీ ఎక్కువ అవుతుంది. ఆ ఒక్క స్వరాన్ని 20 సెంట్లతో మొదలుపెట్టి, మీ మిత్రుడి వయొలిన్ పక్కన వింటూ కొద్దికొద్దిగా దించండి. అతనికీ ఒక మాట చెప్పండి: కర్ణాటక పద్ధతిలో వేళ్ళు పెరిగినవారికి తగ్గిన రిషభం రాగానే గమకం ఊపే అలవాటు ఉంటుంది. ఇక్కడ ఆ స్వరం చాలాచోట్ల ఊగకుండా, తగ్గిన చోటే నిలకడగా నిలవాలి.

ప్రశ్న: రెండు దేశాల సంగీతాలను ఇలా కలపడం నిన్నమొన్నటి ఫ్యూజన్ మోజు కాదా? దానివల్ల రెండూ పలచబడడం తప్ప ఒరిగేదేమిటి? (విశ్రాంత ఉపాధ్యాయులు, కడప)

జవాబు: అయ్యా, పలచబడుతుందనే మీ భయం న్యాయమైనది, కానీ ఈ కలయిక నిన్నమొన్నటిది కాదు. ఉస్మానియా, అంటే ఒట్టోమన్ టర్కీ సైన్యం వెంట నడిచిన మెహ్తెర్ బృందాల పెద్ద డోళ్ళు, తాళాలు, సన్నాయి వంటి జుర్నాలు ఐరోపాకు ఎంతగా చెవికెక్కాయంటే, మొజార్ట్ 1782లో వియన్నాలో ప్రదర్శించిన ఒక సంగీత నాటకంలోనూ, హైడెన్ 1794 నాటి తన నూరో సింఫనీలోనూ, బీతోవెన్ 1824లో వినిపించిన తొమ్మిదో సింఫనీ చివరి భాగంలోనూ పెద్ద డ్రమ్ము, తాళాలు, ట్రయాంగిల్ కలిపి ఆ నాదాన్ని పిలిచారు. మన ఊళ్ళలో డ్రమ్స్ సెట్టు మీద మెరిసే కంచు పళ్ళేలకు కూడా ఇస్తాంబుల్‌తో చుట్టరికం ఉంది. 17వ శతాబ్దంలో అక్కడి ఆర్మీనియన్ కుటుంబమొకటి మొదలుపెట్టిన జిల్జియాన్ తాళాలే ఇవాళ ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. తరువాత గాలి ఎదురు దిశలో వీచింది. 1826లో సుల్తాన్ రెండో మహమూద్ జానిసరీ సైన్యాన్ని రద్దు చేయడంతో మెహ్తెర్ కూడా ఆగిపోయింది. 1828లో ఇటలీ నుంచి జుసెప్పె దోనిజెట్టి వచ్చి, ఆస్థానంలో పాశ్చాత్య పద్ధతి బ్యాండును తీర్చిదిద్దాడు. ఒపేరాలు రాసిన ప్రసిద్ధ దోనిజెట్టికి ఈయన అన్నగారు.

అయితే మీ ప్రశ్నకు అసలు జవాబు టర్కీ గణతంత్ర కాలంలో ఉంది. మొజార్ట్ వాడుకున్నది టర్కీ సంగీతపు పైపై చప్పుడు మాత్రమే. మకామ్ ఎలా నడుస్తుందో ఆ రచనల్లో కనపడదు. 1936లో హంగరీ నుంచి సంగీతకర్త బేలా బార్తోక్ వచ్చి టర్కీలోని అనటోలియా పల్లెల్లో పాటలు సేకరించినప్పుడు ఆయన వెంట తిరిగిన అహ్మెత్ అద్నాన్ సైగున్, ఆయన సమకాలికులైన ఉల్వి జెమాల్ ఎర్కిన్, హసన్ ఫెరిత్ అల్నార్ పాశ్చాత్య రచనాపద్ధతిని క్షుణ్ణంగా నేర్చి, తమ జానపదపు లోపలి నుంచి రాశారు. 1943లో వినిపించిన ఎర్కిన్ ‘కొచెక్చే’లో నృత్యబాణీల విషమ నడకలను సింఫనీ వాద్యబృందం మొత్తం మోస్తుంది. చిన్ననాటి నుంచి కానూన్ వాయించిన అల్నార్, ఆ డెబ్బైకి పైగా తంతుల వాద్యాన్ని తంత్రీవాద్య బృందం ముందు నిలబెట్టి కాన్చెర్టో రాశాడు. కానూన్‌కు తంతుల కింద మందల్ అనే చిన్న మీటలు ఉంటాయి, వాటిని లేపీ దించీ కోమాలు మార్చుకోవచ్చు కాబట్టి అది తన స్వరస్థానాలను వదులుకోకుండానే పాశ్చాత్య బృందం మధ్య కూర్చోగలిగింది. నృత్యంలోనూ ఇదే జరిగింది. లండన్ రాయల్ బాలే స్థాపకురాలు నినెట్ ద వాల్వా ఆధ్వర్యంలో 1948లో ఇస్తాంబుల్‌లో బాలే పాఠశాల మొదలయింది. 1965లో ఆమె ఫెరిత్ తుజున్ సంగీతానికి టర్కీ పల్లె ఇతివృత్తంతో ‘చెష్మెబాషి’ అనే బాలేను కూర్చింది.

మన దగ్గర వయొలిన్ చరిత్రను మీరు ఎరిగే ఉంటారు. బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చి కర్ణాటక సంగీతానికి తెచ్చారు, ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టు స్వరాలు చేశారు. మనం వయొలిన్ శ్రుతి మార్చాం, నేల మీద కూర్చుని పట్టుకునే తీరు మార్చాం, వేళ్ళకు గమకం నేర్పాం. అందువల్ల మన రాగం పలచబడలేదు. పరాయి వాద్యం రాగానికి లొంగినప్పుడు నష్టం ఉండదు. రాగమే వాద్యపు సౌకర్యానికి లొంగినప్పుడు మీరు భయపడినంతా జరుగుతుంది, అలాంటి ప్రదర్శనలను నేను కూడా మెచ్చుకోలేను.

ప్రశ్న: దర్గా ఉరుసుల్లో కవ్వాలీ వింటూ పెరిగినదాన్ని. మా ప్రదర్శన ముగింపులో తెల్లని దుస్తుల్లో గిరగిరా తిరిగే దర్వేషుల నృత్యాన్ని ఎలక్ట్రానిక్ సంగీతంతో పెట్టాలని ఉంది. పెట్టవచ్చా? (డిగ్రీ విద్యార్థిని, కడప)

జవాబు: తిరగండి, కానీ ఆ దుస్తులు వేయకండి. ప్రేక్షకులు నృత్యమనుకునే ఆ సెమా మెవ్లెవీ సూఫీలకు ఆరాధన. టర్కీ నగరం కొన్యాలో 1273 డిసెంబరు 17న కన్నుమూసిన మౌలానా జలాలుద్దీన్ రూమీని వారు తమ మార్గానికి మూలపురుషుడిగా భావిస్తారు, ప్రతి ఏటా ఆ తేదీన అక్కడ ఆయన్ని స్మరిస్తారు. ప్రవక్త స్తుతితో మొదలై, నేయ్ వేణువు తక్సీమ్ తరువాత నెమ్మదిగా మూడు ప్రదక్షిణలు చేసి, సెలామ్ అనే నాలుగు భాగాల్లో తిరుగుతారు. తల మీది పొడవైన టోపీ అహంకారానికి సమాధిరాయి అనీ, తెల్లని అంగీ కఫను, అంటే శవవస్త్రం అనీ, మొదట కప్పుకుని తరువాత తొలగించే నల్ల వస్త్రం గోరీ అనీ వారి భావన. 1925లో టర్కీ ప్రభుత్వం సూఫీ ఆశ్రమాలను చట్టం ద్వారా మూసేసింది, 1950ల్లో మాత్రమే సెమా మళ్ళీ బహిరంగంగా కనిపించసాగింది. 2005లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వంగా ప్రకటించి, 2008లో తన ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. ఇంత అర్థం మోస్తున్న దుస్తులను వార్షికోత్సవపు ముగింపు అలంకారంగా తొడుక్కోవడం, పెద్ద దర్గా ఉన్న ఊళ్ళో పెరిగిన మీకే మనసొప్పదని నా నమ్మకం.

ఎలక్ట్రానిక్ సంగీతం గురించి మీకు సంకోచం అక్కరలేదు. టర్కీ సంగీతకారుడు మెర్జాన్ దెదె నేయ్‌నూ ఎలక్ట్రానిక్ వాద్యాలనూ కలిపి, తిరిగే నర్తకితో కచేరీలు చేశాడు. మీరు మీ సొంత వేషంలో, మీ సొంత నృత్యరచనలో తిరుగుడును వాడుకోండి. అయితే అభ్యాసం లేకుండా వేదిక ఎక్కవద్దు. సెమాలో ఎడమ పాదం నేలను విడవదు, కుడి పాదం నెడుతుంటే శరీరం గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది, కుడి అరచేయి ఆకాశం వైపు, ఎడమ అరచేయి నేల వైపు ఉంటాయి. కొత్తవారు ఒక చెక్క పలక మీద బిగించిన మేకును కాలివేళ్ళ మధ్య ఉంచుకుని ఈ తిరుగుడు నేర్చుకుంటారు. బాలేలో కళ్ళు తిరగకుండా ఒకే బిందువును చూస్తూ తలను చటుక్కున తిప్పే పద్ధతి ఉంది. సెమాలో తల శరీరంతోపాటే సాగుతుంది, చూపు దేని మీదా నిలవదు. ఈ రెండు పద్ధతులనూ ఒకే తిరుగుడులో కలిపితే తల తిరిగి పడిపోతారు, కాబట్టి ఒకదాన్నే ఎంచుకుని నెలల తరబడి సాధన చేయండి. నేయ్ దొరకకపోతే మన వేణువు చాలు, ఊపిరి వినబడేలా మంద్రంలో వాయించమనండి.

ప్రశ్న: టర్కీ బాణీలకు మా జిల్లా ఉరుము డోళ్ళను కలపాలని ఆలోచన. కుదురుతుందా? (అనంతపురం)

జవాబు: మంచి ఆలోచన. టర్కీ దావుల్ రెండు ముఖాల పెద్ద డోలు. ఒక వైపు బరువైన కర్రతో దుమ్, రెండో వైపు సన్నని పుల్లతో తెక్ పలికిస్తారు. ఉరుము కూడా రెండు ముఖాలదే, ఒక వైపు చర్మాన్ని పుల్లతో రాపాడించినప్పుడు పుట్టే మూలుగు మాత్రం దావుల్‌లో లేనిది. దానికోసమైనా ఉరుమును దావుల్‌కు బదులుగా వాడకుండా, దాని పక్కన దానిగానే నిలబెట్టండి. ఉరుము వాయించేవారు అడుగు వేస్తూ, తిరుగుతూ వాయిస్తారు కాబట్టి వారిని వేదిక వెనక కుర్చీల్లో కూర్చోబెడితే వాద్యమూ సగమే పలుకుతుంది, మనిషీ సగమే ఉంటాడు. వారికి నర్తకుల మధ్యే చోటివ్వండి, బాణీని వారి నడకకు సరిచేసుకునే ఓపిక మీ పాశ్చాత్య వాద్యకారులు చూపాలి. పీర్ల పండుగలో అలాయి గుండం చుట్టూ అడుగులు వేసిన ఊళ్ళ పిల్లలకు డప్పు దెబ్బతో గుంపుగా కదలడం ఎవరూ నేర్పనక్కరలేదు. మీ నృత్యబృందంలోకి అలాంటి పిల్లలను తీసుకోండి. ఉరుము దేవతారాధనకు ముడిపడిన కళ గనుక, ఏ వాయింపు వేదిక మీద తగినదో, ఏది గుడి ముందు మాత్రమే వాయించవలసినదో ఆ కళాకారులనే ముందుగా అడిగి, వారి మాటకు కట్టుబడండి. వారికి ఇచ్చే పారితోషికం కీబోర్డు వాద్యకారుడికి ఇచ్చేదానికి తగ్గకూడదు.

ప్రశ్న: ఆరుబయట మైదానంలో ప్రదర్శన. రిహార్సల్లో బాగా కుదిరిన అడుగులు మైకులు పెట్టాక డప్పుకు వెనకబడుతున్నాయి. ఎందుకు? (కర్నూలు)

జవాబు: శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదిక ఒక చివర డప్పు, మరో చివర పదిహేను మీటర్ల దూరంలో నర్తకులు ఉంటే, దెబ్బ వారి చెవికి చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతుకు దగ్గరగా పడుతుంది. పైగా వారికి ముందుగా వినిపించేది మైదానం వైపు తిరిగిన పెద్ద స్పీకర్ల ప్రతిధ్వని కావచ్చు. నాలుగు మాత్రల నడకలో ఈ జాగు అంతగా తెలియదు గాని, వేగమైన 2+2+2+3లో చివరి అడుగులోని మూడో మాత్రలో కొంత భాగాన్ని మింగేస్తుంది. తాళవాద్యాలను వేదిక మధ్యలో, నర్తకుల వెనక కూర్చోబెట్టి, రెండు పక్కలా నర్తకుల వైపు తిరిగిన మానిటర్ స్పీకర్లు పెట్టించి, వాటిలో ఢోలక్, డప్పు మాత్రమే వినిపించమని సౌండు వారికి చెప్పండి. గజ్జెలు కట్టిన పిల్లలుంటే వేదిక ముందు అంచున నేలకు దగ్గరగా ఒక మైకు చాలు, అంతకన్నా ఎక్కువ పెడితే అడుగుల చప్పుడు వయొలిన్‌ను కప్పేస్తుంది. ఎండాకాలపు సాయంత్రమైతే తోలు వాద్యాలు ఎండకు బిగిసి శ్రుతి పెరుగుతుంది కాబట్టి వాటిని ప్రదర్శన దాకా నీడలో ఉంచి, వేదిక ఎక్కే ముందు మరొకసారి శ్రుతి చూసుకోండి.